మాత్ర వేసుకుని పేక ముందు కూర్చోకండి

ప్రశ్న: నా వయసు 66. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. రాజమహేంద్రవరంలో ఉంటాం. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. పొద్దున, రాత్రి భోజనానికి ముందు గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర వేసుకుంటాను. సంక్రాంతికి వచ్చిన మనవడు మామూలు పేకముక్కలతో ఒక్కరే ఆడుకునే ‘స్కౌండ్రెల్’ అనే ఆట నేర్పాడు. అప్పటి నుంచి రోజూ రాత్రి ఏడున్నరకు చాప మీద కూర్చుంటే ఒక్కోసారి తొమ్మిదిన్నర అవుతోంది. ఇది వ్యసనమని, ముక్కలతో నాలో నేనే మాట్లాడుకుంటున్నానని మా ఆవిడ గొడవ. ఇది ఆడితే మతిమరుపు రాదని మనవడు అంటాడు. ఎవరి మాట నిజం? ఆట చివర్లో టెన్షన్‌కు చేతులు వణుకుతాయి. రెండుసార్లు చొక్కా తడిసేలా చెమట పట్టింది. లేచేటప్పుడు కాళ్లు తిమ్మిరెక్కుతాయి. ఆట మానేయాలా?

సమాధానం: మానక్కర్లేదు. కానీ మీరు అడిగినవాటికన్నా, మాటవరసకు రాసిన ఆ వణుకు, చెమట గురించే ముందు మాట్లాడాలి. మాత్ర ఎన్నింటికి వేసుకుంటున్నారో రాయలేదు. అలవాటుగా ఏడున్నరకే వేసేసుకుని, ‘ఈ ఒక్క ఆటా’ అనుకుంటూ తొమ్మిదిన్నరకు కంచం ముందుకు వెళ్తుంటే, మీరు టెన్షన్ అనుకుంటున్నది షుగర్ పడిపోవడం కావచ్చు. గ్లిమిపిరైడ్ క్లోమం చేత ఇన్సులిన్ ఎక్కువగా విడుదల చేయిస్తుంది. మీరు అన్నం తిన్నారా లేదా అన్నదానితో దానికి పనిలేదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లలో ఈ ఇబ్బంది చాలా అరుదు.

ఈసారి వణుకు రాగానే ముక్కలు అక్కడే వదిలేసి గ్లూకోమీటర్‌తో చూసుకోండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగండి. చాక్లెట్, బిస్కెట్లు వద్దు, వాటిలోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. పావుగంటాగి మళ్లీ చూడండి, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ తాగండి. 70 దాటాక భోజనం చేయండి. ఈ మందు ప్రభావం గంటల తరబడి ఉంటుంది కాబట్టి పడుకునే ముందు ఇంకోసారి చూసుకోవాలి. మీటర్ దగ్గర లేకపోతే వెతుక్కుంటూ కూర్చోకుండా ముందు పంచదార నీళ్లు తాగేయండి. మీ ఆవిడకూ ఒక మాట చెప్పి ఉంచండి: మీరు స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి.

బీపీకి అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి మాత్రలు వాడుతుంటే వణుకు, గుండెదడ తెలియకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది. వారం రోజులు ఆటకు ముందు, తర్వాత రీడింగులు రాసి మీ డాక్టరుకు చూపించండి. మోతాదు తగ్గించాలో, మందు మార్చాలో ఆయన చెబుతారు. మీ అంతట మీరు మాత్ర ఆపొద్దు. ఈలోగా చేయాల్సింది ఒకటే, ముందు భోజనం, ఆ తర్వాతే ఆట. మాత్ర కంచం ముందు కూర్చున్నాకే వేసుకోండి.

ఇక ఆట సంగతి. మీ ఉత్తరం చదివాక నేనూ ఓ పేక కట్ట తీసుకుని కూర్చున్నాను. 2011లో జాక్ గేజ్, కర్ట్ బీగ్ అనే ఇద్దరు తయారుచేసిన ఆట ఇది. జోకర్లు, ఎర్ర బొమ్మలు, ఎర్ర ఆసులు తీసేస్తే మిగిలే 44 ముక్కలే మనం దిగి ప్రాణాలతో బయటపడాల్సిన నేలమాళిగ. ఇస్పేట్లు, కళావర్లు రాక్షసులు, డైమండ్లు ఆయుధాలు, ఆఠీన్లు మందు (మన వైపు మందు కాదు, ఔషధమే). 20 ప్రాణాలతో దిగి, నాలుగేసి ముక్కల గదిలో మూడింటిని తేల్చుకోవాలి. కత్తితో ఓసారి ఎనిమిదిని కొడితే ఆ తర్వాత అంతకన్నా పెద్ద రాక్షసుడి మీద అది పనిచేయదు, అందుకని ఎవరిని ముందు కొట్టాలా అని బుర్ర బద్దలవుతుంది. ఆయుధం లేకుండా తలపడితే ఇస్పేటు ఆసు 14 ప్రాణాలు తీసుకుపోతుంది. నేను ఆరుసార్లు ఆడి ఆరుసార్లూ పోయాను. ముక్కలతో మాట్లాడాను కూడా. లెక్క వేసుకుంటూ పైకి మాట్లాడుకోవడం జబ్బు కాదని మీ ఆవిడకు చెప్పండి.

పేక అనగానే మన ఇళ్లలో భయం ఉండటం సహజం, పేకాటలో ఎకరాలు పోగొట్టుకున్నవాళ్ల కథ లేని ఊరు ఉండదు. కానీ అక్కడ కొంప ముంచేది పందెం. మీ ఆటలో రూపాయి లేదు, ఎదుట మనిషే లేడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో చేర్చిన గేమింగ్ డిజార్డర్ వీడియో గేములకు సంబంధించింది. అయినా అందులో చూసే మూడు సంగతులు మీరూ చూసుకోవచ్చు: ఆపాలనుకున్నా ఆపలేకపోవడం, మిగతా పనులన్నిటికన్నా ఆటే ముందుకు రావడం, నష్టం కనిపిస్తున్నా సాగించడం. మీకు భోజనం వాయిదా పడుతోంది కాబట్టి మీ ఆవిడ కోపం పూర్తిగా అన్యాయమేమీ కాదు. భోజనం ముందుకు జరిపాక కూడా గంట దాటి లేవలేకపోతుంటే అప్పుడు మళ్లీ రాయండి.

మనవడి మాట సగమే నిజం. మెదడుకు పని చెప్పే అలవాట్లున్నవాళ్లలో మతిమరుపు జబ్బు తక్కువగా కనిపిస్తుందన్నది నిజమే, కానీ ఫలానా ఆట ఆడితే రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక నిపుణుల కమిషన్ డిమెన్షియాకు, అంటే ఈ మతిమరుపు జబ్బుకు సంబంధించి మనం మార్చుకోదగిన 14 ముప్పు కారణాలు చెప్పింది. షుగర్, బీపీ, చెడు కొలెస్ట్రాల్, తగ్గిన వినికిడి, చూపు, కదలకుండా ఉండటం, నలుగురితో కలవకపోవడం అన్నీ అందులో ఉన్నాయి. స్కౌండ్రెల్ కోసం సాయంత్రం గోదావరి గట్టు మీద నడక, స్నేహితుల కబుర్లు మానేసి ఉంటే మాత్రం అది నష్టం బేరం.

కాళ్ల తిమ్మిరికి చాలావరకు బాసింపట్టే కారణం. మోకాలి పక్కన పైకే ఉండే నరం నొక్కుకుంటుంది, లేచి నాలుగడుగులు వేస్తే పోతుంది. బల్ల మీద ఆడండి, ఆటకీ ఆటకీ మధ్య లేచి తిరగండి. కూర్చోకపోయినా అరికాళ్లు మొద్దుబారడం, రాత్రిళ్లు మంటలు, సూదులతో పొడిచినట్టు ఉండటం జరుగుతుంటే అది షుగర్ వల్ల నరాలు దెబ్బతినడం కావచ్చు. పన్నెండేళ్ల షుగర్ కాబట్టి ఎలాగూ ఏడాదికోసారి పాదాలు, కళ్లు, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పరీక్ష చేయించాలి. పాదం పైకి లేవక నేలకు రాసుకుంటుంటే మాత్రం వెంటనే డాక్టరుకు చూపించండి.