చెలకలో దొరికిన ఆ బరువు రాయి గురించి

బిడ్డా,

నీ మెసేజ్, ఫోటోలు చూశాను. మధ్యాహ్నం ఉరుము లాంటి చప్పుడైందని, తెల్లారి పత్తి సాళ్ల మధ్య మూరెడు లోతు గుంతలో రైతుకు ఈ రాయి దొరికిందని రాశావు. కొబ్బరికాయంత రాయి కిరాణా కాటా మీద ఏడు కిలోలు తూగిందన్నావు, అదే సైజు గుట్టరాయి రెండున్నర కిలోలు కూడా తూగదు. ఫోటో చూసి ఉల్క అని తేల్చలేను కానీ, నీ స్థానంలో ఉంటే ఈ రాత్రి నిద్రపోను.

కడగొద్దు. నీళ్లు, చేతి చెమటలోని ఉప్పు తగిలితే ఇనుప ఉల్క తుప్పు పట్టి పెచ్చులూడుతుంది. పొడిబట్టతో పట్టుకుని, కాగితంలో చుట్టి డబ్బాలో పెట్టు. పిల్లలు అయస్కాంతం తెస్తారు, తేనీయకు. ఉల్క ఆకాశం నుంచి మోసుకొచ్చిన అయస్కాంత గుర్తులు చెరిగిపోతాయి. పైగా దానితో తేలేదేం లేదు, మన ఊళ్లలో పాత చిట్టెం రాళ్లూ, అంటే ఇనుము కరిగించాక మిగిలే మడ్డి గడ్డలూ కొన్ని అంటుకుంటాయి. చిట్టెంలో బుడగల బొక్కలుంటాయి. ఇనుప ఉల్క గట్టి ముద్ద, పైన మెత్తటి మట్టిని బొటనవేలితో నొక్కినట్టు లొత్తలు. నీ మూడో ఫోటోలో కుడి అంచున అలాంటివి రెండు కనబడ్డాయి.

కొలిమి దగ్గరికి అసలే తీసుకుపోవద్దు. కుర్రతనంలో నేను ఓ నల్లరాయిని కమ్మరితో కాల్పించి సమ్మెట వేయించాను. పొడిపొడి అయింది, చిట్టెం కాబట్టి బతికిపోయాను. ఇనుము, నికెల్ లక్షల ఏళ్లు మెల్లగా చల్లారితే లోపల చాపలా అల్లిన గీతలు పడతాయి. కోసి, నునుపు చేసి, నైట్రిక్ ఆమ్లం రాస్తే చాలా ఇనుప ఉల్కల్లో అవి తేలతాయి. కొలిమి వేడికి అవి పోతే మళ్లీ రావు.

కళ్లముందు పడే ఉల్కల్లో ఇనుపవి నూటికి ఐదు లోపే. 2006లో రాజస్థాన్‌లోని కవర్‌పురాలో 6.8 కిలోలది పడింది. దాన్ని ఐఐఈ అనే వర్గంలో పెట్టారు, అందులోనూ తేడా రకంగా. నీది ఏ వర్గమో ల్యాబే చెప్పాలి, ఆలస్యం మాత్రం కూడదు. అంతరిక్షంలో కాస్మిక్ కిరణాల వల్ల ఉల్కలో పుట్టే మాంగనీస్-54 అనే రేడియోధార్మిక పదార్థం ల్యాబు కొలవాలి, అది 312 రోజులకు సగమైపోతుంది.

పొద్దున్నే గుంత పక్కన పది రూపాయల బిళ్ల పెట్టి ఫోటో తీయి. ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేయి. చప్పుడు విన్నవాళ్లను విడివిడిగా అడుగు, రచ్చబండ దగ్గర అందరూ కూర్చుంటే అందరిదీ ఒకే కథ అవుతుంది. తహసీల్దార్‌తో పంచనామా చేయించి, హైదరాబాద్ బండ్లగూడలోని జీఎస్ఐకి, అంటే జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెప్పు. దేశంలో పడ్డ ఉల్కలు భద్రపరిచేది వాళ్లే. రసీదులో రైతు పేరుండాలి, నీది కాదు.

వాన పడేలా ఉంటే గుంత మీద తట్ట బోర్లించమను.

మీ పాత సార్