శేషం తొమ్మిదే ఎందుకు వస్తుంది?

ప్రశ్న: మాది మహారాష్ట్రలోని సిరొంచ. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, పిల్లల చదువు మరాఠీలో. మా అమ్మాయి సెల్‌ఫోన్‌లో 98,76,54,321ని 12,34,56,789తో భాగిస్తే 8.0000000729 వచ్చింది. ఫలితం ఎనిమిదికి ఇంత దగ్గరగా రావడం యాదృచ్ఛికమా? 1 నుంచి 9 వరకు అంకెలను వేరే వరుసలో పేరిస్తే ఎప్పుడైనా ప్రధాన సంఖ్య వస్తుందా?
– ఒక పాఠకురాలు, సిరొంచ

జవాబు: యాదృచ్ఛికం కాదమ్మా. ఆ రెండు సంఖ్యలనూ ఒకదాని కింద ఒకటి వేసి కూడితే ఒకట్ల స్థానం నుంచి చివరి స్థానం దాకా ప్రతి జంటా పదే అవుతుంది కాబట్టి మొత్తం 1,11,11,11,110 వస్తుంది. ఇప్పుడు చిన్న సంఖ్యను పదితో గుణించి, అందులోంచి ఆ చిన్న సంఖ్యనే ఒకసారి తీసివేయండి. మిగిలేది దానికి తొమ్మిది రెట్లు, అంటే 1,11,11,11,101. ఈ రెండు ఫలితాలకూ తేడా తొమ్మిది మాత్రమే. కాబట్టి రెండింటి మొత్తం చిన్న సంఖ్యకు తొమ్మిది రెట్ల మీద తొమ్మిది ఎక్కువ. ఆ మొత్తంలోంచి చిన్న సంఖ్యను తీసేస్తే పెద్ద సంఖ్య మిగులుతుంది కనుక, అది చిన్నదానికి ఎనిమిది రెట్ల మీద తొమ్మిది ఎక్కువ.

దశాంశంలో కనిపించిన 729 కూడా ఊరికే రాలేదు. చిన్న సంఖ్యను 81తో గుణిస్తే వెయ్యి కోట్లకు 91 మాత్రమే తక్కువ వస్తుంది. అందువల్ల శేషమైన తొమ్మిదిని ఆ సంఖ్యతో భాగించడం, 9×81ని, అంటే 729ని, వెయ్యి కోట్లతో భాగించడానికి దాదాపు సమానం. నాకు ఈ లెక్కలో అన్నిటికంటే నచ్చినది ఇదే.

ఈ రెండు సంఖ్యలనూ నిశ్శేషంగా భాగించే ఏ సంఖ్యయినా శేషాన్ని కూడా భాగించి తీరాలన్నది యూక్లిడ్ పద్ధతి. అంకెల మొత్తం 45 కనుక రెండింటినీ 9 భాగిస్తుంది. కాబట్టి మీ అమ్మాయి బడిలో 'మసావి' అనే గ.సా.భా. ఇక్కడ సరిగ్గా 9. చిన్న సంఖ్య 9×3607×3803, పెద్దది 9×17×17×379721.

ఆ 45 మీ రెండో ప్రశ్నకూ జవాబు చెబుతుంది. తొమ్మిది అంకెలను పేర్చగల 3,62,880 వరుసల్లో దేన్ని తీసుకున్నా అంకెల మొత్తం మారదు, ప్రతి సంఖ్యనూ 9 భాగిస్తుంది. మీ వైపు 'మూళ్ సంఖ్యా' అనే ప్రధాన సంఖ్య వాటిలో ఒక్కటీ ఉండదు.

మీ అమ్మాయి చేత ఇంకొక్క లెక్క చేయించండి. పెద్దదానిలోంచి చిన్నదాన్ని తీసివేస్తే 86,41,97,532 వస్తుంది. ఇందులోనూ 1 నుంచి 9 వరకు అంకెలన్నీ ఒక్కొక్కసారే ఉన్నాయి. కాబట్టి వాటిని అవరోహణ, ఆరోహణ క్రమాల్లో పేర్చి తీసివేస్తే మళ్లీ ఇదే సంఖ్య తిరిగి వస్తుంది. నాలుగంకెల సంఖ్యల్లో 6174కు ఈ గుణం ఉందని 1949లో గుర్తించిన డి. ఆర్. కాప్రేకర్ మీ రాష్ట్రంలోనే, నాసిక్ దగ్గరి దేవ్‌లాలీలో బడిపంతులుగా పనిచేశారు. అయితే నాలుగంకెల్లో, అంకెలన్నీ ఒకటే కాని ఏ సంఖ్యతో మొదలుపెట్టినా ఏడు తీసివేతల్లోపే 6174 చేరుతుంది గాని, తొమ్మిదంకెల్లో అలా ఒకే గమ్యం ఉండదు. 55,49,99,445 కూడా అలాగే తనలోకి తానే తిరిగి వస్తుంది.