పాటలు పెట్టుకో, ఫిల్మ్ ఎక్కించేటప్పుడు మాత్రం వద్దు

చిట్టితల్లీ,

హైదరాబాద్ ఫ్లాట్‌లో వాడకుండా ఉన్న రెండో బాత్రూమ్‌ని ఫిల్మ్ కడిగి ఫోటోలు వేసుకునే డార్క్ రూమ్ చేసుకుంటున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. సంతోషం సగం, భయం సగం. స్టూడియోలన్నీ డిజిటల్‌కి మారాక మన ఇంట్లో, నెగటివ్‌ని పెద్దది చేసి పేపర్ మీద వేసే ఎన్లార్జర్ పేరెత్తినవాళ్లు లేరు. ఇన్నాళ్లకు నువ్వు ఎత్తావు. అంతా బాగానే ఉంది గానీ, చెవుల్లో పాటలు పెట్టుకుని హాయిగా పని చేసుకుంటానన్నావట. అక్కడే నాకు టెన్షన్ పట్టుకుంది.

మందులు కలిపే కొలతలు, టైములు ప్యాకెట్ మీదే ఉంటాయి, చూసుకో. డెవలపర్, అంటే బొమ్మ తేల్చే మందు, 20 డిగ్రీల దగ్గర ఉండాలి. ఎండాకాలంలో మన కుళాయి నీళ్లు 30 దాటతాయి కాబట్టి తొట్టిలో ఐసు వేసి, సీసా అందులో పెట్టు.

పాటలు అసలే వద్దని నేనెందుకంటాను? విజయవాడలో పెళ్లిళ్ల సీజన్ వస్తే మేం అర్ధరాత్రి దాకా ప్రింట్లు వేసేవాళ్లం. ఎర్రలైటు కింద నిలబడి నిలబడి నడుం పట్టేసేది. రేడియోలో ఘంటసాల గొంతు వినిపిస్తే ఇంకో పాతిక ప్రింట్లు వేసే ఓపిక వచ్చేది. ప్రింట్లు వేసేటప్పుడు నువ్వూ హాయిగా విను.

ఫిల్మ్‌ని కడిగే డబ్బాలోని రీల్‌కి ఎక్కించేటప్పుడు మాత్రం వద్దు. అప్పుడు ఎర్రలైటు కూడా ఉండకూడదు. కటిక చీకట్లో నీకు వేళ్లూ చెవులే దిక్కు. ఫిల్మ్ రీల్‌లోకి సరిగ్గా వెళ్తుంటే మెత్తగా జారుతుంది. గాడి తప్పిందా, కరకరమంటుంది. వినగానే ఆగి, వెనక్కి తీసి మళ్లీ ఎక్కించాలి. మొండిగా తోస్తే ఫిల్మ్ నలిగి నెగటివ్ మీద నెలవంకల్లాంటి మచ్చలు పడతాయి. రెండు చుట్లు అంటుకున్నాయా, అక్కడ మందే తగలదు. చెవిలో పాట మోగుతుంటే ఆ కరకర నీకెలా వినపడుతుంది తల్లీ?

నేను పని నేర్చుకునే రోజుల్లో స్టూడియోలో నాకన్నా సీనియర్ అసిస్టెంట్ ఒకాయన ఉండేవాడు. చెయ్యి తిరిగిన పనివాడు, పాటలంటే ప్రాణం. ఆయన వాల్వు రేడియోకి డయల్ వెనక చిన్న బల్బు ఉండేది. దాని మీద దుప్పటి కప్పి ఫిల్మ్ ఎక్కించేవాడు. ఒకసారి ఓ పెళ్లి రోల్స్ వచ్చాయి. 120 ఫిల్మ్, రోల్‌కి 12 ఫోటోలు. చాలామందిలాగే ఆయనా కళ్లు మూసుకుని, వేళ్లతోనే నల్ల కాగితం విప్పుతూ ఫిల్మ్‌ని వేరు చేస్తున్నాడు. రేడియో వీపు వెనక ఉంది. దుప్పటి ఎప్పుడు జారిందో ఏమో, కింద పడిన చప్పుడు పాటలో కలిసిపోయింది. రోల్ కడిగి, బొమ్మను నిలిపే మందు హైపోలోంచి తీసి చూస్తే సగం పైన నల్లగా మసిబారి ఉంది. జీలకర్ర బెల్లం ఉంది, మాంగల్యధారణ లేదు.

యజమాని నన్ను వెంటబెట్టుకుని పెళ్లికూతురి ఇంటికి వెళ్లాడు. ఆ తండ్రి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. నెగటివ్‌ని కిటికీ వెలుగుకు పట్టి చాలాసేపు చూసి, "అయితే తాళి కట్టింది రాలేదా బాబూ?" అని అడిగాడు. డబ్బు వెనక్కి ఇస్తామంటే తీసుకోలేదు. ఆయన తిట్టి ఉంటే మాకు నయంగా ఉండేది.

ఇప్పుడు డయల్ బల్బులెక్కడివి పెదనాన్నా అంటావు. నీ స్పీకర్ మీద నీలం లైటు మిణుకుమంటుందే, దాని సంగతేంటి? ప్రింటింగ్ పేపర్ ఎర్రలైటుకు లొంగదు గానీ నీలానికి ఇట్టే నల్లబడుతుంది. నల్లటేపు రెండు పొరలు వెయ్యి. ఫోన్ బయటే ఉండాలి. చెయ్యెత్తగానే వెలిగే ఆ వాచీ కూడా తీసెయ్. ఎర్రలైటూ స్పీకరూ ఆన్ చేసి, ఓ పేపర్ ముక్క మీద రూపాయి బిళ్ల పెట్టి ఐదు నిమిషాలు వదిలెయ్. తర్వాత డెవలపర్‌లో వెయ్యి. బిళ్ల ఉన్నచోట తెల్లగా గుండ్రం కనపడిందంటే, ఎక్కడినుంచో వెలుగు వస్తున్నట్టే.

ప్రింట్ వేస్తూ, మొహం నల్లబడకుండా ఎన్లార్జర్ వెలుగుకు చేత్తో నీడ పట్టేటప్పుడు కూడా పాట ఆపు. ఒకటి, రెండు అని నువ్వు సెకన్లు లెక్కపెడుతుంటే, నీకు తెలియకుండానే లెక్క పాట తాళంలో పడిపోతుంది. అమెరికా ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ పియానిస్టు కావాలని శిక్షణ తీసుకున్నవాడు. అంత సంగీతం వచ్చినవాడు కూడా డార్క్ రూమ్‌లో సెకన్ల లెక్కకు, టక్‌టక్‌మని తాళం కొట్టే మెట్రోనోమ్ పెట్టుకున్నాడు. నీ ఫోన్‌లో మెట్రోనోమ్ నిమిషానికి 60కి పెట్టి తలుపు బయట ఉంచితే టక్‌టక్ లోపలికి వినిపిస్తుంది.

ఇయర్‌ఫోన్స్ మాత్రం వద్దమ్మా. మీ అమ్మ తలుపు కొట్టినా నీకు వినపడదు. పిలిచి పిలిచి కంగారుపడి తలుపు తీసిందంటే పేపర్లన్నీ పోతాయి. స్పీకర్‌ని ఛార్జింగ్ మీద పెట్టి వాడకు, తడి చేతులతో ప్లగ్గు ముట్టుకోకు. నీళ్లున్న గదిలో కరెంటంటే నాకు ఈ వయసులోనూ గుండె దడే.

హైపో వాసన బయటకు పోవడానికి ఆ బాత్రూమ్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందా? మీ నాన్నను అడిగితే చూడాలన్నాడు. రేపు పొద్దున్నే చూసి ఫోన్ చెయ్యి. లేకపోతే ఫ్యాను డబ్బులు నేను పంపిస్తాను, అది బిగించాకే మందులు కలుపు.

ఆశీస్సులతో,
పెదనాన్న