పాత చిన్న రైలు కట్ట మీద నడక బాట

ప్రశ్న: మాది పాతపట్నం మండలం. నౌపడా–గుణుపురం చిన్న రైలు నాటి కట్ట ముక్క మా ఊరి పక్కన అర కిలోమీటరు ఖాళీగా పడి ఉంది. పట్టాలు లేవు, సర్కారు తుమ్మ మొలిచింది. నడకకు, సైకిళ్లకు బాట చేయాలనుకుంటున్నాం. నాలుగు ట్రాక్టర్ల గ్రావెల్ తోలిస్తే చాలదా?
– ఒక పాఠకుడు

జవాబు: చాలదండీ. మొదటి వానకే కొట్టుకుపోతుంది. 1900లో మొదలై 2004 దాకా నడిచిన ఆ నేరోగేజ్ లైను కట్ట ఏటవాలు తక్కువ. ముసలివాళ్లకు, చక్రాల కుర్చీకి అంతకన్నా మంచి దారి దొరకదు. పాడుచేసుకోకండి.

పట్టాలు తీసేసినంత మాత్రాన నేల పంచాయతీది కాదు. గ్రామసభ తీర్మానం పెట్టి, రైల్వే డివిజన్ ఇంజినీరింగ్ విభాగం నుంచి రాతపూర్వక అనుమతి తీసుకున్నాకే పలుగు పట్టండి.

ముందు చేయాల్సింది తూముల పని. పూడిక తీసి నీళ్లు పారించి చూడండి. తూము మూసుకుంటే పొలాల నీరు కట్టకు ఆనుకుని నిలిచి, కట్ట లోపల నాని, ఒక పక్క జారిపోతుంది. పైన ఎంత మంచి గ్రావెల్ వేసినా నిలవదు. తుమ్మను నేలమట్టంగా నరికితే మళ్లీ చిగురిస్తుంది. మొదలు చుట్టూ అడుగు లోతు తవ్వి వేరుతో సహా తీయాలి.

ఇక గ్రావెల్ లెక్క. 500 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు, రోలర్ తొక్కాక 10 సెంటీమీటర్ల మందం అంటే 125 ఘనపు మీటర్లు. తొక్కితే అణుగుతుంది కాబట్టి వదులుగా 160 దాకా తోలాలి. వంద ఘనపుటడుగుల ట్రాక్టర్లు 57. పాత కంకర ఉంటే ఏరి కిందికే వాడండి, పైన ఉంటే కాళ్లు మడతపడతాయి. తడి సరిపోయిందా అంటే పిడికెడు గ్రావెల్ నొక్కి చూడండి: ముద్ద కట్టాలి, అరచేతికి అంటకూడదు. అంటితే ఒక పూట ఆరనిచ్చి తొక్కించండి. అంచుల కన్నా నడుమ 5 సెంటీమీటర్ల ఎత్తు ఉంచితే వాననీరు నిలవదు. రాతిపొడి ఒక్కటే పరవొద్దు, పట్టు ఉండదు.

పక్క వాలులకు వట్టివేరు నాటండి. కానుగ, నేరేడు కావాలంటే కట్ట కిందే. పని జనవరి–మే మధ్య ముగించండి. 2018 అక్టోబరు తిత్లీ తుపానును మన జిల్లా మరిచిపోలేదు కదా.

ప్రశ్న: ట్రాక్టర్లు ఎక్కకుండా ఏం చేయాలి?

జవాబు: రెండు చివరలా 1.2 మీటర్ల సందుతో సిమెంటు స్తంభాలు పాతండి. ఆటో, ట్రాక్టరు ఆగుతాయి, చక్రాల కుర్చీ పోతుంది. మోటారుసైకిలు కూడా దూరుతుంది. దాన్ని ఆపాలని సందు ఇంకా తగ్గిస్తే ఆగేది చక్రాల కుర్చీయే.