మత్తు ఇంజెక్షన్లు వేసుకునే వాళ్ళకు నరాలు దొరకకుండా పోతాయా? మళ్ళీ బాగవుతాయా?

మీ బంధువుల కుర్రాడికి రక్తం తీయలేక రెండు ల్యాబుల వాళ్ళు వెనక్కి పంపారని రాశారు. నేను నెల్లూరులో పదిహేనేళ్ళకు పైగా ల్యాబ్ టెక్నీషియన్‌ని. పొద్దున లేస్తే నా పని నరం వెతకడమే. మీ ప్రశ్నకు జవాబు, అవును, పోతాయి. గట్టిపడి మూసుకుపోయిన నరం చాలావరకు తిరిగి రాదు. అయితే అలాంటి కుర్రాళ్ళను నిజంగా దెబ్బతీసేది సిగ్గు. అది చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

కొన్నేళ్ళ కిందటి సంగతి. రోహిణి కార్తె. అప్పుడు నెల్లూరు ఎట్లా ఉడుకుతుందో ఇక్కడి వాళ్ళకు చెప్పక్కర్లేదు. కోవూరు వైపు నుంచి ఒకావిడ కొడుకును తీసుకొచ్చింది. పాతికేళ్ళు ఉంటాయి. నాలుగు రోజులుగా చలిజ్వరం. ఆ ఎండలో ఫుల్ హ్యాండ్స్ చొక్కా, మణికట్టు దగ్గర గుండీలు కూడా పెట్టుకుని ఉన్నాడు. "చెయ్యి చాపు అబ్బయ్యా" అంటే వాళ్ళమ్మ వైపు చూశాడు. నాకు అర్థమైంది. "అమ్మా, నువ్వు బయట ఫ్యాన్ కింద కూర్చో, పిలుస్తాలే" అని ఆమెను పంపాను.

చొక్కా పైకి మడిస్తే మోచేతి మడతలో చర్మం నల్లబడి, దాని కింద నరం నులక తాడులా ఉంది. మంచి నరం మీద వేలు పెడితే మెత్తగా అణిగి మళ్ళీ లేస్తుంది. ఇది అణగలేదు, పక్కకు దొర్లింది. పక్కనే నిమ్మకాయంత గడ్డ. ఎర్రగా ఉంది, ముట్టుకుంటే కాలుతోంది. రెండో చెయ్యీ అంతే. నేను రెండుసార్లు గుచ్చాను, చుక్క రాలేదు. మూడోసారి పట్టీ బిగిస్తుంటే మెల్లగా అన్నాడు: "అన్నా, అక్కడ రాదు. ఎడమ చెయ్యి వెనకాల ఒకటుంది చూడు. సన్న సూది పెట్టు, గట్టిగా లాగొద్దు." వేడినీళ్ళలో ముంచిన గుడ్డ కాసేపు వేసి, పిల్లలకు వాడే సూదితో తీశాను. మొదటి గుచ్చుకే వచ్చింది. అతన్ని ముందే అడిగి ఉంటే ఆ రెండు పోట్లూ తప్పేవి. ఆ రోజు నుంచి ఎవరొచ్చినా మొదట అడిగేది "ఎక్కడ దొరుకుతుంది నాయనా?" అనే.

ఇన్నాళ్ళు ఆసుపత్రికి ఎందుకు పోలేదంటే, "పోయానన్నా, పదిమందిలో నిలబెట్టి తిట్టారు" అన్నాడు. ఆ మాట విని నాకు కడుపు మండిపోయింది. చీము పట్టిన చేత్తో వచ్చినవాడికి ముందు గడ్డ కోసి కట్టు కట్టాలి. తిడితే వాడు మానేస్తాడని ఎవరికైనా నమ్మకముంటే, పదిహేనేళ్ళలో అట్లా మానేసినవాణ్ణి నేను ఒక్కణ్ణీ చూడలేదు. రావడం మానేసినవాళ్ళను మాత్రం చూశాను.

నరం ఒక్క రోజులో పోదు. ఒకే చోట మళ్ళీ మళ్ళీ గుచ్చితే లోపలి గోడ గాయపడి, మాని, మచ్చకట్టి దారి ఇరుకవుతుంది. సూది ఒక్కసారి వాడితేనే మొన మొద్దుబారుతుంది. మాత్రలు నూరి కలిపితే ఇంకా ఘోరం, వాటిలోని పిండి పదార్థం కరగకుండా పోయి సన్న నాళాల్లో అడ్డుపడుతుంది. చేతుల్లో నరం దొరక్కపోతే గజ్జల్లోకి, మెడలోకి పోతారు. అక్కడ ధమని పక్కనే ఉంటుంది, దానికి సూది తగిలితే కాలో ప్రాణమో పోవచ్చు. వాచి నొప్పిగా ఉన్నవి మాత్రం సూది మానేస్తే కొన్ని కోలుకుంటాయి. మూసుకుపోయిన దానికి బదులు పక్కనున్న చిన్నవాటిని ఒళ్ళు కాస్త పెద్దవి చేసుకుంటుంది.

ఇంకో మాట. మన పల్లెల్లో జలుబు చేసినా, ఒళ్ళు నొప్పులొచ్చినా సూది వేయించుకుంటేనే వైద్యం అనుకుంటాం. మాత్ర రాసిస్తే ఆ డాక్టరు మంచోడు కాదంటాం. సూదంటే భయం అట్లాగే పోయింది. 1992లో ఇదే జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద లేచారు, మరుసటి ఏడు సారా నిషేధం వచ్చింది. వాళ్ళు మొగుళ్ళ తాగుడును ఇంట్లో దాచలేదు, బజారులో మాట్లాడారు. మత్తు సూది సంగతి వచ్చేసరికి మనం తలుపులు వేసుకుంటున్నాం.

మీ కుర్రాడి విషయానికొస్తే, గడ్డను ఇంట్లో పిసకనివ్వొద్దు. ఎరుపు పైకి పాకుతున్నా, చలిజ్వరం వచ్చినా, కాలు వాచి ఆయాసం వచ్చినా, చెయ్యి తెల్లబడి చల్లబడినా అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకుపోండి. చలిజ్వరం గుండె కవాటాలకు పట్టిన ఇన్ఫెక్షన్ కూడా కావచ్చు. డాక్టరుకు సూది సంగతి దాచొద్దు. సూదే కాదు, దూది, నీళ్ళు, చెంచా పంచుకున్నా కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ సి రావచ్చు. 2018 నుంచి జాతీయ కార్యక్రమం కింద దానికి పరీక్ష, మందులు ఉచితం, చాలామందికి పన్నెండు వారాల మాత్రలు సరిపోతాయి. హెచ్ఐవీ పరీక్ష ఐసీటీసీల్లో (సలహా ఇచ్చి పరీక్ష చేసే ప్రభుత్వ కేంద్రాల్లో) ఉచితం, ఫలితం బయటపెట్టకూడదని 2017 చట్టం చెబుతోంది. మానాలనుకుంటే మత్తు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి. సూదికి బదులు నాలుక కింద మాత్ర పెట్టి చేసే ఓఎస్‌టీ చికిత్స కూడా ఉంది, అడగండి.

ఆ కోవూరు అబ్బాయికి గడ్డ కోసి చీము తీశారు. హెపటైటిస్ సి బయటపడింది, మాత్రలు వాడాడు. ఇప్పటికీ పరీక్షలకు నా దగ్గరికే వస్తాడు. వచ్చీరాగానే ఎడమ చెయ్యి తిప్పి, వెనక వైపు చూపిస్తాడు. ఇంతకాలానికీ ఆ ఒక్క నరమే దొరుకుతోంది.