పిన్ నొక్కేటప్పుడు రెండో చెయ్యి అడ్డం పెట్టండి

పోయిన ఆగస్టులో డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఒక ఇండియన్ స్టోర్ లైన్లో నిల్చున్నాను. నా ముందు ఎం.ఎస్.కి కొత్తగా వచ్చిన కుర్రాళ్లు ముగ్గురు. సోనా మసూరి బస్తా, పెరుగు డబ్బా, ఊరగాయ సీసా కౌంటర్ మీద పెట్టారు. కార్డు ఒకడిది, మెషిన్ దగ్గరున్నది ఇంకొకడు. "పిన్ ఎంతరా?" అంటే వెనకనుంచి నాలుగంకెలూ గట్టిగా చెప్పేశాడు. బయటికొచ్చాక ఆ అబ్బాయిని పిలిచి, "బాబూ, ఇంటికెళ్లగానే పిన్ మార్చుకో" అన్నాను. "పర్లేదంకుల్, మన భాష ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు.

లైన్లో సగంమంది తెలుగువాళ్లే. అయినా మనం ఎంత తెలుగు మాట్లాడినా అంకెలు ఇంగ్లీషులోనే చెబుతాం కదా! బస్సులో ఫోన్లో ఓటీపీ చెప్పడం, కౌంటర్ దగ్గర సోషల్ సెక్యూరిటీ నంబరు (అమెరికా ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబరు) తొమ్మిదంకెలూ పైకి చదవడం కూడా ఇంతే. కౌంటర్ దగ్గరైతే కాగితం మీద రాసి చూపించి, ఆ కాగితం మళ్లీ తీసేసుకోండి.

ఇండియాలో యూపీఐ పిన్ షాపువాడి ఎదురుగానే నొక్కేస్తాం. మన ఫోన్ చేతిలో లేకుండా ఆ పిన్ ఒక్కటే తెలిసి వాడు చేసేదేమీ లేదు. ఇక్కడ డెబిట్ కార్డు కొట్టేసినవాడికి పిన్ కూడా తెలిస్తే ఏ ఏటీఎంలోనైనా డబ్బు తీసేస్తాడు. పోయిందని తెలిసిన రెండు పనిదినాల్లో బ్యాంకుకు చెబితే మీ నష్టం 50 డాలర్లు దాటదు. ఆలస్యమైతే 500 దాకా, స్టేట్‌మెంట్ పంపిన 60 రోజులు దాటితే అంతకు మించి కూడా వెళ్లొచ్చు. కానీ కార్డూ పిన్నూ మీరే ఫ్రెండుకి ఇచ్చి ఉంటే, బ్యాంకుకు చెప్పేదాకా అతను తీసిందంతా మీ అనుమతితో తీసినట్టే లెక్క. ఆ కుర్రాడి విషయంలో నాకు టెన్షన్ పుట్టింది ఇందుకే.

ఏటీఎం దగ్గరైనా, గ్యాస్ స్టేషన్లో అయినా ఎడమ అరచేతిని కీప్యాడ్ మీద గొడుగులా పట్టండి. వెనకాల ఎవరూ లేకపోయినా పట్టండి. దొంగలు పైన చిన్న కెమెరా అతికించి ఉండొచ్చు, చెయ్యి అడ్డముంటే దానికీ అంకెలు కనపడవు. పుట్టినరోజు పిన్‌గా పెట్టుకోకండి.

ఫోన్ పాస్‌కోడ్ ఇంకా ముఖ్యం. బార్లలో, రైళ్లలో వెనకనుంచి కోడ్ చూసి, తర్వాత ఫోన్ లాక్కుపోయే దొంగలున్నారు. ఆ ఆరంకెలతో యాపిల్ అకౌంట్ పాస్‌వర్డ్ మార్చేసి అసలు మనిషినే బయటికి తోసేస్తారు. అందుకే 2024 జనవరిలో ఐఫోన్లలో ఐఓఎస్ 17.3 అప్‌డేట్‌తో స్టోలెన్ డివైస్ ప్రొటెక్షన్ అనే సెట్టింగ్ వచ్చింది. అది ఆన్‌లో ఉంటే, ఇంటికి, ఆఫీసుకు దూరంగా ఉన్నప్పుడు పాస్‌వర్డ్ మార్చడానికి కోడ్ ఒక్కటే చాలదు. ముఖమో వేలిముద్రో చూపాలి, గంట ఆగి మళ్లీ చూపాలి. సెట్టింగ్స్‌లో ఇప్పుడే చూసుకోండి. నలుగురిలో ఉన్నప్పుడు కోడ్ కొట్టకుండా ముఖంతోనో వేలితోనో తెరవండి.

ఇంకొక్క మాట. బ్యాంకుకు ఫోన్ చేయాల్సిన నంబరు కార్డు వెనకే ఉంటుంది. కార్డూ ఫోనూ రెండూ పోతే అది కూడా పోయినట్టే. ఈరోజే ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఫ్రిజ్‌కి అంటించండి.