కుక్క బొమ్మ రికార్డులు, కుక్క బొమ్మ దుకాణాలు

ప్రశ్న: మా ఇంట్లో మామగారి నాటి గ్రామఫోను రికార్డులు కొన్ని ఉన్నాయి. వాటి మీద కుక్క బొమ్మ, హెచ్‌ఎంవీ అనే అక్షరాలు కనిపిస్తాయి. లండన్‌లో చదువుతున్న మా అబ్బాయి అదే పేరు గల దుకాణంలో సినిమా డిస్కులు కొన్నానంటూ ఫొటో పంపాడు. రెండూ ఒకటేనా? ఆ దుకాణాలు మూతపడ్డాయని ఎప్పుడో చదివిన గుర్తు.
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: పుట్టిల్లు ఒకటే గాని, కాపురాలు వేరుపడి చాలాకాలమైంది. లండన్‌లోని గ్రామఫోన్ కంపెనీ 1899లో ఫ్రాన్సిస్ బరాడ్ అనే చిత్రకారుడి వద్ద ఈ బొమ్మను హక్కులతో సహా 100 పౌండ్లకు కొన్నది. నిప్పర్ అనే కుక్క మొదట వేరే రకం యంత్రం, అంటే సిలిండర్లతో పాడే ఫోనోగ్రాఫు ముందు కూర్చుని ఉండగా, కంపెనీ కోరిక మేరకు చిత్రకారుడు దాని మీదే రంగు పూసి గ్రామఫోనును వేశాడు. ‘హిజ్ మాస్టర్స్ వాయిస్’ అనే ఆ చిత్రం పేరుకే హెచ్‌ఎంవీ పొట్టిరూపం. అదే కంపెనీ 1921 జూలై 20న ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ 363వ నంబరులో సొంత దుకాణం తెరిచింది. ప్రారంభోత్సవం చేసినవారు ప్రసిద్ధ స్వరకర్త ఎడ్వర్డ్ ఎల్గార్. 1931లో గ్రామఫోన్, కొలంబియా కంపెనీలు కలిసి ఈఎంఐ అనే పాటల కంపెనీగా ఏర్పడ్డాక దుకాణం దాని కిందికి వచ్చింది.

ఆ దుకాణంలో రికార్డులు అమ్మడమే కాక, డబ్బు చెల్లించినవారి పాటను అప్పటికప్పుడు రికార్డుగా చేసి ఇచ్చే విభాగం కూడా ఉండేది. మన ఊళ్లలో ఖాళీ కేసెట్టు, పాటల జాబితా ఇచ్చి రికార్డింగ్ సెంటర్ల చుట్టూ తిరిగినవారికి ఈ వ్యాపారం కొత్తగా తోచదు. 1962 ఫిబ్రవరిలో బ్రయాన్ ఎప్‌స్టీన్ అనే మేనేజరు, తాను చూసుకుంటున్న బృందం పాడిన టేపును రికార్డుగా మార్పించుకోవడానికి అక్కడికి వెళ్లాడు. రికార్డు చెక్కుతున్న ఉద్యోగికి పాటలు నచ్చడంతో, అదే భవనంలోని సంగీత ప్రచురణ విభాగానికి కబురు వెళ్లి, అక్కడినుంచి ఈఎంఐలో పాటల రికార్డుల నిర్మాత జార్జ్ మార్టిన్ దాకా దారి పడింది. ఆ బృందం బీటిల్స్.

శాఖల విస్తరణ 1960లలో మొదలై, వీడియో కేసెట్లు, ఆపై డీవీడీలు వచ్చాక ఊపందుకున్నది. 1998లో ఈఎంఐ ఈ దుకాణాలను వాటర్‌స్టోన్స్ పుస్తకాల దుకాణాలతో కలిపి వేరే సంస్థగా విడదీసింది. పాటల కంపెనీకీ, పాటలమ్మే దుకాణానికీ వేరు కుంపటి పడింది అప్పుడే.

పతనానికి అందరూ ఇంటర్నెట్ ఒక్కదానినే నిందిస్తారు గాని, నా దృష్టిలో అది సగం మాటే. సూపర్ మార్కెట్లు కొత్త డిస్కులను కూరగాయల పక్కన పెట్టి, లాభం చూసుకోకుండా అమ్మాయి. దానికి తోడు, ఇంగ్లండు, ఫ్రాన్సుల నడుమనున్న జెర్సీ, గెర్న్‌సీ దీవులనుంచి తపాలాలో వచ్చే చౌక సరుకుపై, ఒక దశలో 18 పౌండ్ల వరకు, వ్యాట్ ఉండేది కాదు. పన్ను కట్టి, అద్దె కట్టి, జీతాలిచ్చి అమ్మే డిస్కు ఆ ధరకు ఎలా గిట్టుతుంది? హెచ్‌ఎంవీ సైతం చివరకు తన ఆన్‌లైన్ అమ్మకాలకు గెర్న్‌సీ బాట పట్టక తప్పలేదు. 2012 ఏప్రిల్‌లో ఆ దీవుల రాయితీ రద్దయ్యేసరికే నష్టం జరిగిపోయింది. 2013 జనవరిలో సంస్థ దివాలా నిర్వాహకుల చేతికి వెళ్లి, హిల్కో అనే సంస్థ కొనడంతో బతికింది. 2018 డిసెంబరులో మళ్లీ అదే గతి. 2019లో కెనడాకు చెందిన సన్‌రైజ్ రికార్డ్స్ అధిపతి డగ్ పుట్‌మన్ 100 దుకాణాలను కొన్నాడు, 27 మూతపడ్డాయి. అప్పుడు మూతపడిన 363వ నంబరు దుకాణం 2023 నవంబరులో తిరిగి తెరుచుకున్నది.

ప్రశ్న: మరి మన దేశంలో ఆ రికార్డులు వేసిన కంపెనీ ఏమైంది?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: కలకత్తా దగ్గరి డమ్‌డమ్ కర్మాగారంలో రికార్డులు తయారుచేసిన గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా 1980లలో ఆర్‌పీజీ అనే వ్యాపార సంస్థల చేతికి వచ్చి, 2000లో సరిగమగా పేరు మార్చుకున్నది. ఆర్‌పీజీవారే మ్యూజిక్‌వరల్డ్ పేరుతో నగరాల్లో దుకాణాలు నడిపారు, అవి 2013లో మూతపడ్డాయి. మీ ఇళ్లలోని పాత రికార్డుల మీది కుక్కకు వారసులు సరిగమవారే తప్ప, లండన్ దుకాణంవారు కారు.